జింకపిల్ల చెవిపోగు

నేడు మన ఊళ్ళలో ఆవుల చెవులకును, గేదెల చెవులకును పసుపుపచ్చని బిళ్ళలు వ్రేలాడుచుండుట తల్లిదండ్రులందరును చూచియే యుందురు. ఒక్కొక్క బిళ్ళపై 12 అంకెల సంఖ్య యుండును. దానినిబట్టి పశువు ఎవరిదో, దానికి ఏ టీకా ఎప్పుడు వేసిరో తెలియును. ఆవు సాధుజంతువు; పలుపు పట్టిన నిలుచును. మరి అలికిడికే బెదరి పరుగెత్తు జింకకు చెవిపోగు వేయుట యెట్లు? అమెరికా సంయుక్త రాష్ట్రములలో తెల్లతోక జింకలను ఎత్తైన కంచెల నడుమ పెంచు క్షేత్రములు పెక్కు గలవు. అచ్చట ప్రతి సంవత్సరము ఈ పని జరుగుచుండును. మన దేశమున 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము జింకలకు రక్షణ కల్పించినది. వానిని పట్టుట నేరము. కావున ఇది మనము చేయదగిన పని కాదు. అయినను తెలిసికొనదగిన విషయము.

తెల్లతోక జింక సుమారు 200 దినములు గర్భము మోసి, అచ్చటి వేసవి ఆరంభమున, అనగా తరచుగా మే, జూన్ మాసములలో ఈనును. ఒక్కొక్క కాన్పున ఒకటిగాని రెండుగాని పిల్లలు కలుగును. పిల్ల బరువు రెండు మొదలు నాలుగు కిలోల వరకు నుండును. తల్లి దానిని శుభ్రముగా నాకి, గడ్డిలో దాచి, తాను దూరముగా మేయుచుండును. కవలలైనచో ఒక్కొక్క దానిని ఒక్కొక్క చోట దాచును. దినమునకు కొలది మార్లు మాత్రమే వచ్చి, పాలిచ్చి, మరలిపోవును. తన రాకపోకలచే పిల్ల జాడ శత్రువునకు తెలియకుండుటకే ఈ ఏర్పాటు. పిల్ల ఒంటికి వాసన మిక్కిలి తక్కువ. వీపుమీది తెల్లని చుక్కలు ఆకుల సందుల ఎండపొడలలో కలిసిపోవును. ప్రమాదము సమీపించినప్పుడు అది పారిపోక, మెడ నేలకు చాచి కదలక పడియుండును. ఆ సమయమున దాని గుండె కొట్టుకొను వేగము సైతము తగ్గునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

పెంపకందారునకు ఈ స్వభావమే ఆధారము. తొలి రెండు దినములలో పిల్లను చేతులతో ఎత్తవచ్చును. వారము తిరుగునప్పటికి దానిని వెంబడించి పట్టుట దుస్సాధ్యము. ఎదిగిన జింకను తరిమి పట్టినచో, భయముచేతను పెనుగులాటచేతను కండరములు దెబ్బతిని అది మరణించుటయు కలదు. ముందు చేసిన రెండు నిమిషముల పని పిదప ప్రాణాపాయమును తప్పించును.

అట్లని పుట్టిన వెంటనే తాకుట తగదు. తల్లి పిల్లను నాకి గుర్తెరుగవలెను. పిల్ల లేచి జున్నుపాలు త్రాగవలెను. రోగములను ఎదుర్కొను శక్తి జింకపిల్లకు ముఖ్యముగా ఆ పాల మూలముననే లభించును. దానిని పేగులు గ్రహింపగల కాలము సుమారు తొలి 24 గంటలు మాత్రమే; అందును గడియ గడియకు ఆ సామర్థ్యము సన్నగిల్లుచుండును. కనుక అనుభవజ్ఞులు కొన్ని గంటలు ఓపిక పట్టి, పిల్ల పాలు త్రాగినదని నిశ్చయించుకొనిన పిదపనే దగ్గరకు పోవుదురు.

చల్లని వేళ ఇరువురు మనుష్యులు సద్దు లేకుండ వెళ్ళుదురు. ఒకరు తల్లిని కనిపెట్టి యుందురు. పిల్ల అరచినచో తల్లి ముందు గిట్టలతో తన్నవచ్చును. రెండవవారు శుభ్రమైన చేతి తొడుగులు ధరించి, పిల్లను కాళ్ళు పట్టి లేవనెత్తక, రొమ్ముకు ఆనించి పట్టుకొందురు. బొడ్డునకు అయోడిన్ పూయుదురు. మగయో ఆడయో చూచి, గుడ్డసంచిలో తూకము వేయుదురు. చెవిలోని మృదులాస్థి గట్ల నడుమ, రక్తనాళములు తగులని చోట పోగు వేయుదురు. చెవి పెరుగునుగనుక పోగునకును చెవికిని నడుమ కొంత సందు విడుతురు. తల్లి ఏదియో పరీక్షచే నిర్ణయించుటకై కుదుళ్ళతో కొన్ని వెండ్రుకలు తీయుదురు. అంతట పిల్లను తీసిన చోటనే పరుండబెట్టి, వెనుదిరిగి చూడక తొలగిపోవుదురు. ముద్దు చేయుటకు అచ్చట తావులేదు.

మనిషి తాకిన పిల్లను తల్లి విడిచిపెట్టునని ఒక నమ్మిక కలదు. అది చాలవరకు నిజము కాదు. తల్లి మరలి వచ్చి పాలిచ్చును. తొడుగులు ధరించుటకు ముఖ్యకారణము ఒక పిల్లనుండి మరియొక పిల్లకు రోగము సోకకుండుట. తల్లికి నిజమైన ఆటంకము మనిషి వాసన కాదు, మనిషి అచ్చటనే నిలిచియుండుట.

ఈ శ్రమ యంతయు వంశవృక్షము వ్రాసికొనుటకు మాత్రమే కాదు. జింకలను క్రమముగా కృశింపజేసి చంపు ఒక మెదడు వ్యాధి 1967లో కొలరాడో రాష్ట్రమున మొదట గుర్తింపబడినది. అది మెదడును తూట్లు తూట్లుగా చేయు వ్యాధుల జాతికి చెందినదని 1978లో తేలినది. దానికి మందు లేదు, టీకాయు లేదు. రోగకారకము నేలలో సంవత్సరములు నిలిచియుండును. కెనడా నుండి దిగుమతియైన జింకలతో అది దక్షిణ కొరియాకును చేరినది. రోగము సోకిన జింక చాలకాలము ఆరోగ్యముగా కనబడును. తరచుగా మరణానంతర పరీక్షలోనే నిజము బయటపడును. అప్పుడు ఆ జింక ఎచ్చట పుట్టినది, ఏ మందలలో తిరిగినది అను ప్రశ్నలకు సమాధానమిచ్చునది చెవిపోగు ఒక్కటియే. అందుకనియే 2012లో అమెరికా కేంద్ర ప్రభుత్వ పథకము, అందు చేరిన మందలలోని ప్రతి జింకకును రెండు గుర్తులుండవలెనని విధించినది.

మన పిల్లలకు ఇందు చెప్పదగినది ఒకటి కలదు. మన కృష్ణజింకలును తమ పిల్లలను ఇట్లే దాచును. అడవి అంచున, చేని గట్టున ఒంటరిగా పడియున్న జింకపిల్ల దిక్కులేనిదని తలచి జాలితో ఇంటికి తెచ్చుట పలుచోట్ల జరుగుచున్నది. అది తల్లిపాలకు దానిని దూరము చేయుటయే. దానిని తాకక, కుక్కలను దూరముగా తోలి, అటవీశాఖవారికి తెలియజేయవలెను.

పోగు సంఖ్యతోపాటు పెంపకందారు తన పుస్తకమున తల్లి సంఖ్యను వ్రాసికొనును. అది లేనిచో పోగు ఉండియు సగము వ్యర్థమే. మన పాఠశాల ప్రవేశపు పట్టికలోను మాతృభాషకు ఒక గడి కలదు. పిల్లవానిని చేర్చు దినముననే దానిని సరిగా పూరింపించుడని తల్లిదండ్రులను కోరుచున్నాము. తెలుగు చదువు పిల్లలు ఎందరని ప్రభుత్వము అడిగిననాడు మేము చూపగలిగినది ఆ గడియే.