ఛత్తా బజార్‌లో ఓపెన్ సోర్స్ చెప్పాలంటే 'ఫ్రీ' అన్న మాట సరిపోదు

లినక్స్ వేసుకున్న మొదటి వారంలో మనందరం చేసే పని ఒకటే. కనిపించినవాళ్లకల్లా "బ్రో, ఇది ఫ్రీ, వైరస్ గోల లేదు, సోర్స్ కోడ్ కూడా ఓపెన్" అని చెప్పడం. కాలేజీ ఫ్రెండ్స్ దగ్గర ఇది నడుస్తుంది. ఇదే మాట హైదరాబాద్ పాతబస్తీలో, ఛత్తా బజార్‌లోని ఒక పెళ్లికార్డుల షాపులో చెప్తే? నడవడం కష్టం. ఎందుకు నడవదో చూస్తే, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ని కొత్తవాళ్లకి ఎలా పరిచయం చేయాలో తెలుస్తుంది.

ఛత్తా బజార్ అంటే ప్రింటింగ్ ప్రెస్‌లకీ, పెళ్లికార్డులకీ పేరున్న ఏరియా. ఒకప్పుడు కాతిబ్‌లు కూర్చుని ఉర్దూ అక్షరాలు చేత్తో రాసిచ్చేవాళ్లు. కంప్యూటర్లు వచ్చాక ఆ పని చాలావరకు డీటీపీకి వెళ్లిపోయింది. ఇక్కడి కార్డుల్లో ఉర్దూ, ఇంగ్లిష్, తెలుగు మూడూ కనిపిస్తాయి.

ముందు డబ్బు సంగతి. మన దేశంలో చిన్న డీటీపీ షాపుల్లో క్రాక్ వెర్షన్లు మామూలే, ఇది అందరికీ తెలిసిన రహస్యం. అలాంటి చోట సాఫ్ట్‌వేర్ ఖర్చు ఎప్పుడో జీరో అయిపోయింది. జీరో కట్టేవాడికి జీరో ఆఫర్ ఇస్తే అందులో కొత్తేముంది? షాపు ఓనర్‌కి ఖరీదైంది టైమ్. పెళ్లి డేట్ ఆగదు, కార్డులు ఆ రోజుకి అందాలి.

ఇక అసలు విషయం, లిపి. ఉర్దూ చదివేవాళ్లకి అలవాటైన రాత నస్తలీఖ్. ఇందులో ప్రతి పదం కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి జారుతుంది. పక్కన ఏ అక్షరం ఉందన్నదాన్ని బట్టి షేప్ మారిపోతుంది, చుక్కలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా సర్దుకోవాలి. టైప్‌సెట్టింగ్ మెషిన్లకి ఇది పెద్ద తలనొప్పి. 1981లో పాకిస్తాన్‌కి చెందిన మీర్జా అహ్మద్ జమీల్, మోనోటైప్ కంపెనీతో కలిసి నూరీ నస్తలీఖ్ తెచ్చారు. దానికోసం సుమారు 20 వేల అక్షరాల కూర్పులు తయారయ్యాయి. తర్వాత 1990ల్లో ఇన్‌పేజ్ ఆ నూరీని మామూలు పీసీలోకి తెచ్చింది. ఉర్దూ డీటీపీ అంటే ఇన్‌పేజ్ అనే పరిస్థితి అలా వచ్చింది. కస్టమర్‌కి కావాల్సిన రాత అందులో దొరికింది, అంతే.

మరి మన దగ్గర ఏముంది? చెప్పుకోదగ్గవే ఉన్నాయి. గూగుల్ 2014లో నోటో నస్తలీఖ్ ఉర్దూ ఫాంట్‌ని ఓపెన్‌గా ఇచ్చింది. అక్షరాలని సరిగ్గా అతికించే హార్ఫ్‌బజ్ ఇంజిన్ కూడా ఓపెన్ సోర్సే, మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో అదే పనిచేస్తోంది. పేజీలు కట్టే స్క్రైబస్‌కి 2024 మొదట్లో వచ్చిన 1.6 వెర్షన్‌తో, కుడి నుంచి ఎడమకి రాసే లిపులు స్టేబుల్ రిలీజ్‌లోకి వచ్చాయి. ప్రెస్‌కి కావాల్సిన సీఎంవైకే పీడీఎఫ్ కూడా ఇస్తుంది.

కానీ నూరీకి అలవాటైన కంటికి నోటో వేరేగా కనిపిస్తుంది, లైన్ల మధ్య జాగా కూడా ఎక్కువ తింటుంది. చిన్న కార్డులో ఇది చిన్న విషయం కాదు. పైగా పాత ఇన్‌పేజ్ ఫైళ్లు యూనికోడ్‌లో ఉండవు, నేరుగా తెరుచుకోవు. తెలుగువైపూ ఇదే కథ: పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టిన మ్యాటర్‌ని వేరేచోట పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి. పక్క ప్రెస్‌వాళ్లు కోరల్‌డ్రా ఫైల్ అడిగితే ఇంకో చిక్కు. లిబ్రేఆఫీస్ డ్రా ఆ ఫైళ్లని తెరుస్తుంది గానీ లేఅవుట్ ఉన్నదున్నట్టు వస్తుందన్న గ్యారంటీ లేదు. ఆపరేటర్ రేపు మానేస్తే స్క్రైబస్ తెలిసినవాడు ఎక్కడ దొరుకుతాడన్నది ఓనర్ అడగాల్సిన ప్రశ్నే.

అందుకే నా ఉద్దేశంలో, ఫీచర్లు చెప్పేముందు అరగంట షాపులో కూర్చుని చూడాలి. ఏ ఫైల్ వస్తోంది, ఏ ఫైల్ బయటికెళ్తోంది, రోజులో ఎక్కడ పని ఆగుతోంది? కస్టమర్ వాట్సాప్‌లో యూనికోడ్ ఉర్దూలో పేర్లు పంపితే, పాత సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ టైప్ చేయాలి, లేదా కన్వర్టర్ వెతకాలి. పేరులో ఒక చుక్క తప్పితే కార్డులన్నీ మళ్లీ వేయాలి. స్క్రైబస్‌లో ఆ టెక్స్ట్ కాపీ పేస్ట్ అవుతుంది. ఓనర్‌కి చూపించాల్సింది ఇదీ! లైసెన్స్ గురించి తర్వాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. పారిస్‌లో స్టూడెంట్ ప్రాజెక్టుగా మొదలైన వీఎల్‌సీని ఇంటింటా వేసుకున్నది ఏ ఫైలైనా ప్లే అవుతుందనే. అది ఓపెన్ సోర్స్ అని ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు ఒక మంచి అవకాశం కూడా ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది, చాలా పాత పీసీలు విండోస్ 11 తీసుకోవు. అలాగని షాపు మొత్తం ఒకేసారి లినక్స్‌కి మార్చమనొద్దు. వాట్సాప్ వెబ్, మెయిల్, బిల్లింగ్ నడిచే ఒక పీసీ చాలు. స్క్రైబస్ విండోస్‌లోనూ నడుస్తుంది కాబట్టి డిజైన్ సిస్టమ్‌లో ఇన్‌పేజ్ పక్కనే వేసి, పెళ్లిళ్ల సీజన్ లేనప్పుడు ఒక్క కార్డు అందులో చేసి ప్రెస్‌కి పంపి చూడమనండి. పాత ఫైళ్ల కోసం ఆ ఇన్‌పేజ్ మెషిన్‌ని మాత్రం కదపొద్దు.