కువైట్ పెట్టెలో ఒక నవల

నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో ‘బయటిదేశం’ అనగానే పెద్దవాళ్లకు తోచేది కువైట్. ఇంజనీరింగ్ చదివిన పిల్లలు డాలస్‌కూ మెల్‌బోర్న్‌కూ పోవడం తర్వాతి ముచ్చట. వానను నమ్ముకోలేని పల్లెల నుంచి ఇంటిపనికనీ డ్రైవరు పనికనీ జనం అంతకుముందే విమానం ఎక్కారు.

ప్రయాణం ముందురోజు రాత్రి పెట్టె సర్దడం ఇంటిల్లిపాది పని. పచ్చడి సీసా మూతకు టేపు చుట్టి, కవరు మీద కవరు తొడిగి, చుట్టూ లుంగీలు కుక్కుతారు. ఉదయగిరి కొయ్య గరిటెలు రెండు పక్కన దోపుతారు. బరువు చూసి, ఎక్కువైతే కందిపొడి పొట్లం ఒకటి బయటికి తీస్తారు. పుస్తకం మాట ఎవరికీ గుర్తుండదు. ఇక చోటు లేదంటారా, నవల చేతిసంచిలో పడుతుంది, ఫోన్లో అయితే ఆ బరువు కూడా లేదు.

ఏ నవల? పోయే దేశంలో ఈ కాలపు రచయిత రాసిందైతే మేలు. కువైట్ రచయిత సవూద్ అల్‌సనూసీ రాసిన ‘ది బాంబూ స్టాక్’కు 2013లో అరబిక్ నవలల అంతర్జాతీయ బహుమతి వచ్చింది. కువైట్‌లో ఒక పెద్దింట్లో పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి జోసెఫీన్. ఆ ఇంటి కొడుకు రషీద్ ఆమెను రహస్యంగా పెళ్లాడతాడు. బిడ్డ పుట్టాక రషీద్ తల్లి ఒప్పుకోదు, తల్లీబిడ్డలు మనీలా చేరతారు. ఆ బిడ్డ పెద్దవాడై తండ్రి ఇంటికి తిరిగొస్తే, మనవడని తెలిసినా నాయనమ్మ ఘనీమా పైకి ఒప్పుకోలేదు. కారణం మనకు కొత్తదేం కాదు: నలుగురూ ఏమనుకుంటారోనని.

మనవాళ్లు ఆ ఇళ్లలో యజమానిని బాబా, యజమానురాలిని మామా అని పిలుస్తూ ఏళ్లకేళ్లు వండి వడ్డించారు. ఆ మామకు ఏ రాత్రి ఎందుకు నిద్రపట్టదో వాళ్లకెవరు చెబుతారు? ఈ నవల చెబుతుంది. పనిమనిషి కొడుకే కథ చెబుతున్నాడు కాబట్టి వంటింటి వైపూ దాచిపెట్టదు. 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు దిగినప్పుడు అమ్మాన్ మీదుగా లక్షా డెబ్బైవేల మంది భారతీయులు ఇల్లు చేరిన కథ మనకు తెలుసు. ఆ ఆక్రమణలోనే రషీద్ బందీ అయి తిరిగిరాడు. మనవాళ్లు వదిలివచ్చిన వీధుల్లో ఆ తర్వాత ఏం జరిగిందో ఇక్కడ తెలుస్తుంది.

ఎడారిలో మేకల పనికి పోయేవాళ్లు ఉంటే, బెన్యామిన్ మలయాళంలో 2008లో ప్రచురించిన ‘ఆడుజీవితం’ ఉంది. పోయేముందు చదవమని మాత్రం చెప్పను, గుండె జారిపోతుంది. ఏజెంటు మాట నమ్మి సంతకం పెట్టబోయేవాడికి చదివి వినిపించండి.

ఇక్కణ్ణుంచి తీసుకుపోవాల్సినవీ ఉన్నాయి. ఉదయగిరి వాళ్లు రైలెక్కే కావలి నుంచి వచ్చిన మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ అక్కడ రాత్రిపూట పదిమంది పడుకునే గదిలో పైకి చదవదగ్గవి. మన నెల్లూరు యాస చెవినపడితే ముసుగుతన్ని పడుకున్నవాడు కూడా లేచి కూర్చుంటాడు. నెల్లూరులో స్థిరపడిన చంద్రలత ‘రేగడి విత్తులు’కు 1997లో తానా బహుమతి ఇచ్చింది. వలసపోయిన రైతుల కథ అది. ఆమె ‘దృశ్యాదృశ్యం’ ఆనకట్టలు తెచ్చే ముంపు గురించి. ఆత్మకూరు దగ్గరి సోమశిల నీళ్లు చూసి పెరిగినవాళ్లకు ఆ నవల వేరేగా తగులుతుంది.

అల్‌సనూసీ నవల ఇంగ్లీషులో దొరుకుతుంది. ఇంగ్లీషు రాని అమ్మ కువైట్‌లో ఉంటే, డాలస్‌లో ఉన్న కొడుకు చదివి, శుక్రవారం సెలవు దొరికినప్పుడు ఫోన్లో వారానికింత తెలుగులో చెప్పొచ్చు. ఘనీమా దగ్గరకొచ్చేసరికి అమ్మే అందుకుని మిగతాది చెప్పేస్తుందేమో.