బయాప్సీ తర్వాత ఎర్ర మూత్రం: భయపడాల్సిందేది, పడనక్కర్లేనిదేది?

భిలాయి ఉక్కు ప్లాంటులో రిటైరై దగ్గర్లోని ఉతైలో స్థిరపడ్డ పెద్దలకు పీఎస్‌ఏ రక్తపరీక్షలో అంకె పెరిగిందనగానే గుండె జారుతుంది. ఆ తర్వాత డాక్టరు నోట వచ్చే మాట ‘ప్రొస్టేట్ బయాప్సీ’, అంటే క్యాన్సర్ ఉందేమోనని గ్రంథి నుంచి ముక్కలు తీసి చూడడం. దాని గురించి కొన్ని విశేషాలు...

● ప్రొస్టేట్ గ్రంథి యుక్తవయసులో అక్రోటు కాయంత ఉంటుంది. మూత్రాశయం కింద మూత్రనాళాన్ని చుట్టుకుని ఉంటుంది కాబట్టే, గ్రంథిలో సూది గుచ్చితే ఆ ప్రభావం మూత్రంలో కనబడుతుంది.

● 130 మీటర్ల రైలు పట్టాలు ఏకముక్కగా తీసే ఊరిలో ఈ సూదిలోని ఉక్కు ఒక లెక్కా! బయాప్సీ సూది మందం మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. స్ప్రింగు వదలగానే ‘ఠప్’మంటుంది, రెప్పపాటులో గ్రంథి ముక్కను కోసుకొస్తుంది. ఒక్కో ముక్క సుమారు ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల సన్నని పోగు. మామూలుగా ఇలాంటివి పన్నెండు తీస్తారు.

● సూదికి దారి చూపేది అల్ట్రాసౌండ్. మలద్వారం గుండా ప్రొస్టేట్‌కు దాన్ని తీయడాన్ని 1960ల చివర్లో జపాన్‌లో డాక్టర్ హిరోకి వతనాబే ఆచరణలోకి తెచ్చారు. ఆయన యంత్రం ఒక కుర్చీ! రోగి కూర్చుంటే పరికరం కింద నుంచి లోపలికి వచ్చేది.

● బ్రిటన్‌లో 1,147 మందిపై చేసిన అధ్యయనం 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మలద్వారం గుండా బయాప్సీ చేయించుకున్నాక 35 రోజుల్లో మూడింట రెండొంతుల మందికి మూత్రంలో రక్తం కనిపించింది. నూటికి తొంభై మందికి పైగా వీర్యంలో కనిపించింది. ఎక్కువమంది దీన్ని పెద్ద బాధగా భావించలేదు.

● మూత్రంలో ఎరుపు సాధారణంగా కొద్దిరోజుల్లో తగ్గుతుంది. వీర్యంలో మాత్రం వారాల తరబడి ఉండొచ్చు. ఎరుపు తగ్గి గోధుమ రంగులోకి మారితే అది పాత రక్తమే. గుండె, కిడ్నీ జబ్బులతో నీళ్లకు పరిమితి ఉన్నవారు తప్ప మిగతావారు నీళ్లు బాగా తాగాలి.

● అసలు చిక్కు ఎరుపు కాదు, చుక్క రాకపోవడం. సూదిపోట్లకు గ్రంథి వాచి నాళాన్ని నొక్కేయొచ్చు, లేదా రక్తపు గడ్డ అడ్డుపడొచ్చు. ఇది కొద్దిమందికే జరుగుతుంది. గ్రంథి ముందే పెరిగి, ధార సన్నబడినవారికి ముప్పు ఎక్కువ. పొత్తికడుపు బిగిసి మూత్రం రాకపోతే రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి. కొన్ని రోజులు మూత్రానికి గొట్టం వేస్తే చాలామందికి దారి తెరుచుకుంటుంది.

● చలి, వణుకుతో 100.4 డిగ్రీలు దాటిన జ్వరం ఇంకా తీవ్రమైన హెచ్చరిక. సూది పేగు గోడను దాటేటప్పుడు అక్కడి బ్యాక్టీరియా రక్తంలో చేరే ప్రమాదం ఉంది. పారాసిటమాల్ వేసి ఆగకూడదు, ఆరోజే చూపించాలి. ఈ ఇన్ఫెక్షన్ భయంతోనే ఇప్పుడు చాలాచోట్ల వృషణాలకూ మలద్వారానికీ మధ్య చర్మం మీదుగా సూది వేస్తున్నారు. దానితో ఆ ముప్పు తగ్గుతుంది.

● బయాప్సీకి ముందు యాంటీబయాటిక్ ఇవ్వడం మామూలే. ఆ మందుల చరిత్రలో మనవాడి చెయ్యి ఉంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ కంపెనీ పరిశోధనలకు సారథిగా ఉండగానే, టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలువడింది.

● రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారు బయాప్సీ అనగానే వాటిని సొంతంగా మానేయకూడదు. గుండెకు స్టెంట్ వేయించుకున్నవారికి అలా మానేయడం మూత్రంలో రక్తంకన్నా పెద్ద ప్రమాదం. ఆపాలా వద్దా డాక్టరే చెప్పాలి.

● బయాప్సీ అయిన కొత్తలో పీఎస్‌ఏ చేయిస్తే అంకె ఎక్కువే వస్తుంది. గ్రంథి గాయపడింది కదా! కొన్ని వారాలు ఆగి చేయించుకోవాలి.

● బయాప్సీ రిపోర్టులో క్యాన్సర్ తీవ్రతను చెప్పే ‘గ్లీసన్ స్కోరు’ అమెరికా డాక్టర్ డొనాల్డ్ గ్లీసన్ పేరు మీదిది. ఆ విధానం 1966 నాటిది. పదికి ఆరు అంటే సగం దాటిందని హడలిపోకండి. ఇప్పటి బయాప్సీలలో లెక్క ఆరు నుంచే మొదలవుతుంది, అది తక్కువ తీవ్రత.

● బయాప్సీకి విశాఖ వెళ్లేవారికో మాట. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్–విశాఖ వందే భారత్ ఉంది, ప్రయాణం ఎనిమిది గంటలు. అయినా పరీక్ష అయిన రోజే బండెక్కకండి. ఆ రాత్రి ఆసుపత్రి దగ్గరే ఉండి, మూత్రం సాఫీగా వస్తోందని చూసుకునే బయలుదేరండి. ఇంటికొచ్చాక ఇబ్బంది అనిపిస్తే భిలాయి సెక్టార్ 9 ఆసుపత్రి దగ్గరే ఉంది. బయాప్సీ కాగితాలు మాత్రం వెంట ఉంచుకోండి.