తాకేటాలో తెలుగింటి వేసవి

బర్మాలోని యాంగోన్ నగరానికి తూర్పున, పజున్‌డౌంగ్ కాలువకు ఆవల, బాగో నది వైపుగా విస్తరించిన తాకేటా పుట్టుకతోనే తరలివచ్చిన వారి ఊరు. రెండో ప్రపంచ యుద్ధమూ, స్వాతంత్ర్యం తరువాతి అంతర్యుద్ధమూ పల్లెల నుంచి తరిమిన జనం నాటి రంగూన్ నడిబొడ్డున గుడిసెలు వేసుకొని తలదాచుకుంటుండగా, 1958లో పగ్గాలు చేపట్టిన జనరల్ నే విన్ ఆపద్ధర్మ ప్రభుత్వం వారిని మరుసటి ఏడాది నగరం అంచులకు తరలించి, ఉత్తర ఒక్కలాపా, దక్షిణ ఒక్కలాపాలతో పాటు తాకేటానూ ఉపనగరంగా కట్టించింది. అందువల్ల మొన్నమొన్న వచ్చిన కుటుంబాన్ని పరాయిగా చూసే హక్కు ఇక్కడి పాతకాపులకు కూడా పెద్దగా లేదు. అయినా చూస్తారు, అది వేరే సంగతి.

ఊళ్లోని పారిశ్రామికవాడ, రేవు పనులు, నది అవతల తన్‌లిన్‌కు దిగువన 2015లో మొదలైన తిలావా ప్రత్యేక ఆర్థిక మండలి ఉద్యోగాలు ఇప్పటికీ మనుషులను ఈ వైపుకు లాగుతున్నాయి. అలా యాంగోన్ చేరే వారిలో మోలమైన్, బాగో ప్రాంతాల తెలుగు కుటుంబాలూ ఉంటాయి. నిజానికి వీరి పూర్వులకు పజున్‌డౌంగ్ కాలువ కొత్తది కాదు. పంతొమ్మిదో శతాబ్దపు చివరి దశాబ్దాల నుంచి కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం రేవుల్లో స్టీమరెక్కిన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల కూలీలు, వారిని బయానా ఇచ్చి తీసుకువచ్చే మేస్త్రీల వెంట ఈ కాలువ గట్టున బారులు తీరిన బియ్యపు మిల్లుల్లోనూ, ఓడల సరుకు దించే పనిలోనూ చేరారు. బర్మా వారు వారిని కోరంగి రేవు పేరుతోనే కోరంగీలని పిలిచారు. 1930 మే నెలలో రేవు సమ్మె దరిమిలా వారిపై జరిగిన దాడులు, 1942లో జపాన్ సేనలకు భయపడి కాలినడకన స్వదేశానికి సాగిన వలస, 1964 జాతీయీకరణ తరువాత విశాఖకు, మద్రాసుకు వచ్చిన కాందిశీకుల ఓడలు వారి సంఖ్యను బాగా తగ్గించాయి. విశాఖలోని బర్మాక్యాంపు ఆ వచ్చినవారి పేరు మీదే వెలసింది. ఇప్పుడు బర్మాలో ఉన్నవారు వెళ్లకుండా నిలిచిపోయిన వారి సంతానం.

అటువంటి ఇంటిలోని పదిహేనేళ్ల పిల్లవాడో పిల్లో మోలమైన్ నుంచి తాకేటాకు మారినప్పుడు, ముందుగా మారవలసింది మనిషి కాదు, కాగితం. ప్రతి ఇంటికీ అందులో నివసించే వారందరి పేర్లతో ప్రభుత్వం ఇచ్చే కుటుంబ జాబితా ఒకటి ఉంటుంది. పాత ఊరి జాబితాలో పేరు కొట్టించి కొత్త ఊరి జాబితాలో ఎక్కించుకుంటే తప్ప బడిలో చేరిక మొదలు గుర్తింపు కార్డు వరకు ఏ పనీ సాఫీగా సాగదు. ఆ కార్డును పదేళ్ల వయసులో మొదటిసారి ఇచ్చి పద్దెనిమిదేళ్లకు మార్చి ఇస్తారు గనుక, మధ్యలో ఊరు మారిన పిల్లల విషయంలో తల్లిదండ్రులు ముందే జాగ్రత్త పడతారు. 1982 నాటి పౌరసత్వ చట్టం పౌరులను మూడు తరగతులుగా విభజించి, పూర్వుల నివాసానికి రుజువులు కోరుతున్నందున, భారత సంతతి కుటుంబాలకు ఈ కాగితాల బెంగ ఇతరుల కంటే ఎక్కువ. సెలవులకు చుట్టపుచూపుగా వచ్చినవారికీ ఇది తప్పదు: రాత్రి బస చేసే అతిథి పేరును వార్డు కార్యాలయంలో నమోదు చేయించాలన్న 2012 చట్టంలోని నిబంధనను ఎన్నికైన ప్రభుత్వం 2016లో తొలగించగా, 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకున్న కొద్ది రోజులకే అది తిరిగి వచ్చింది. వేసవికి మేనత్త ఇంటికి వెళ్లాలన్నా ముందు వార్డు అధికారికి చెప్పుకోవాలంటే, కోనసీమ పిల్లలకు అది నమ్మశక్యం కాకపోవచ్చు.

బడిలో బర్మా భాష అడ్డు కాదు, అది పుట్టినప్పటి నుంచి వీధిలో విన్నదే. ఇబ్బంది అంతా పేరు దగ్గర. బర్మీయులకు ఇంటిపేరు అన్నది లేదు. తండ్రి పేరుతో బిడ్డ పేరుకు పొత్తు ఉండనక్కరలేదు. పిల్లవాణ్ని మౌంగ్ అనీ, ఆడపిల్లను మా అనీ ముందు చేర్చి పిలుస్తారు. అందుచేత చాలామంది తెలుగు పిల్లలకు బడి పట్టీలో ఒక బర్మా పేరు, ఇంట్లో మరో తెలుగు పేరు ఉంటాయి; తాతగారు చెప్పుకునే ఇంటిపేరుకు రెండింటిలోనూ చోటుండదు. పాత ఊరిలో రెండు పేర్లూ తెలిసిన స్నేహితులుంటారు, కొత్త ఊరిలో బడి పేరు ఒక్కటే మిగులుతుంది. తరగతులు కూడా కొత్తవే: 2016 నుంచి అంచెలంచెలుగా తెచ్చిన మార్పుతో బడి చదువు శిశు తరగతి మీద పన్నెండేళ్లకు పెరిగింది, చివర ఉండే మెట్రిక్ పరీక్ష మాత్రం ఎప్పటిలాగే ఇల్లంతటికీ పరీక్ష.

ఇక రోజువారీ బతుకు. తీరాంధ్ర పట్టణాల నుంచి చూసే కంటికి మొదట వెలితిగా కనిపించేది మోటారు సైకిలు, ఎందుకంటే యాంగోన్‌లో అధిక భాగం వాటిని 2003 నుంచి నిషేధించారు. కుర్రవాళ్లు 2017లో వచ్చిన వైబీఎస్ సిటీ బస్సుల్లో వేలాడుతూ వంతెన దాటి నగరంలోకి వెళ్తారు. ఉదయం చేపల పులుసులో బియ్యపు సేమియా కలిపిన మొహింగా, సాయంత్రం టీకొట్టు ముందు పొట్టి ప్లాస్టిక్ పీటలు, ఆపైన చిన్‌లోన్ — పేము బంతిని నేలకు తాకనీయకుండా కాళ్లతో, మోకాళ్లతో ఎగరేస్తూ గుండ్రంగా తిరిగే ఈ ఆటలో ఎదుటి జట్టు ఉండదు, గెలుపోటములూ ఉండవు. కొత్తగా వచ్చిన వాడు ఒప్పందం ఏదీ లేకుండా చేరిపోగల చోటు బహుశా ఇదొక్కటే. అయితే ఆ వలయం మగపిల్లలదే ఎక్కువ. అదే వయసు ఆడపిల్లకు కొత్త పేటలో ట్యూషన్ దారి తప్ప మరో దారి అంత సులభంగా దొరకదు. కరెంటు వంతుల వారీగా వస్తుంది గనుక ఫోన్ చార్జింగు, నీళ్ల మోటారు, చదువు అన్నీ ఆ వంతును బట్టే నడుస్తాయి. ఫేస్‌బుక్‌ను 2021 ఫిబ్రవరిలో ఆపేశారు, విశాఖలోని చుట్టాలతో మాటలు మాత్రం ఏదో దారిన సాగుతూనే ఉన్నాయి.

బడి సెలవులు మార్చి నుంచి మే నెలాఖరు వరకు. ఈ మూడు నెలల్లో సగం రాబోయే తరగతి పాఠాలను ముందే చెప్పే ట్యూషన్లు తినేస్తాయి. మిగిలిన దానిలో ఇంగ్లీషు, కంప్యూటర్, కాస్త వయసు వచ్చిన వారికి ఏదైనా దుకాణంలో పని. పండగలకు మాత్రం కొదవ లేదు. చాంద్రమానం ప్రకారం ఉగాది, శ్రీరామనవమి ముందూవెనుకా రాగా, సూర్యుడు మేషరాశిలో ప్రవేశించే ఏప్రిల్ నడిమి రోజుల్లో బర్మా సంవత్సరాది తింజాన్ నీళ్ల పండగగా వస్తుంది. తొలకరి జల్లు పడితే ఆ రోజుల్లోనే పసుప్పచ్చగా విరబూసే పడౌక్ పూలను ఆడవాళ్లు కొప్పులో తురుముకుంటారు. ఆ చెట్టు మన వేగిసకూ, ఎర్రచందనానికీ ఒకే ప్రజాతికి చెందిన బంధువు. చెంపలకు రాసుకునే థనాకా గంధపు చెట్టుది వెలగ, మారేడుల కుటుంబం. ఈ సెలవుల్లోనే బౌద్ధుల ఇళ్లలో మగపిల్లలకు గుండు కొట్టించి, రాకుమారుని వేషం వేసి, కొద్ది రోజులపాటు విహారంలో సామణేరులుగా, అంటే బాల భిక్షువులుగా ఉంచే షిన్‌ప్యూ వేడుక జరుగుతుంది. పక్కింటి స్నేహితుడు అలా కాషాయంలో వెళ్లిపోతే, కొత్తగా వచ్చిన వాడికి ఆ వారం వీధి ఖాళీ.

పదిహేడు నిండబోయే వారి ఇళ్లలో వేసవి మాటలు వేరు. 2010లో చేసి పక్కన పెట్టిన నిర్బంధ సైనిక సేవా చట్టాన్ని 2024 ఫిబ్రవరి 10న అమల్లోకి తెచ్చినప్పటి నుంచి పద్దెనిమిది మొదలు ముప్పై అయిదేళ్ల పురుషులు, ఇరవై ఏడేళ్ల వరకు స్త్రీలు దాని పరిధిలోకి వచ్చారు. తరువాత పురుషుల విదేశీ ఉద్యోగాలపైనా ఆంక్షలు పడ్డాయి. కంప్యూటర్ కోర్సా, థాయిలాండ్ ప్రయాణమా అన్న చర్చ అక్కడ చదువుకు సంబంధించినది కాదు.

ఇన్నింటి నడుమ తెలుగు ఎక్కడ నేర్చుకుంటారు? బర్మా తెలుగువారు ఆలయాల ఆవరణల్లో, సంఘాల చేతుల మీదుగా వేసవి సెలవుల్లోనే అక్షరాలు చెప్పించుకుంటూ వచ్చారు. బర్మా లిపి కూడా బ్రాహ్మీ సంతతిదే గనుక క ఖ గ ఘ వరుస పిల్లలకు ముందే కంఠతా వచ్చు. కష్టం పలుకులో ఉంది. బర్మీయుల నోట చ వర్గం స వైపు జారుతుంది, ట వర్గానికీ త వర్గానికీ తేడా ఉండదు, ర చాలాచోట్ల య అవుతుంది. అందుకే పలకా బలపాల కంటే పెద్దవాళ్లు పక్కన కూర్చుని పలికించడం ఎక్కువ పని చేస్తుంది. తీరా పదిహేనేళ్ల వారికి దొరికేది అరటిపండు, ఆవు బొమ్మలున్న శిశు వాచకం, పక్కన కూర్చునేది ఆరేళ్ల పిల్ల. ఈ వయసు వాళ్లు ఎక్కువమంది రెండో వారానికే ట్యూషన్ సాకుతో మానేస్తారంటే తప్పు వాళ్లది కాదు. రేవు కూలీల చరిత్రో, బర్మాక్యాంపు సంగతులో, వాళ్ల ఇంటిపేర్లు బయలుదేరిన ఊళ్ల వివరాలో సులువైన తెలుగులో ఒక పుస్తకంగా వేసి ఇస్తే, కనీసం పేర్లు చదవడానికైనా కూర్చుంటారు.