కొండ మీద మేనేజర్ ఎవరు?

అక్టోబరు వచ్చిందంటే సియాటెల్ చుట్టుపక్కల ఐటీ ఆఫీసుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే సందడి: లార్చ్ చెట్లు రంగు తిరిగాయట, శనివారం పోదామా? లార్చ్‌ది సూదుల్లాంటి ఆకే అయినా, పైన్ చెట్లలా ఏడాది పొడుగునా పచ్చగా ఉండదు. చలి ముదిరే ముందు ఆకుల్లో పత్రహరితం తరిగి, అడుగునున్న పసుపు బయటపడుతుంది. చేత్తో దూస్తే గుచ్చుకోదు, మెత్తగా ఉంటుంది. ఆ బంగారు రంగు మహా అయితే రెండు మూడు వారాల ముచ్చట. రెడ్‌మండ్, బెల్‌వ్యూల్లో మనవాళ్లు బాగానే ఉన్నారు కాబట్టి కొన్ని కార్లలో పులిహోర డబ్బాలూ బయల్దేరతాయి. వెళ్లాల్సిందే. కాకపోతే నన్నడిగితే, ఆ అడవిలో ఎలుగుబంటి కంటే ఎక్కువ భయపడాల్సింది మనం ఆఫీసు నుంచి వెంట తీసుకెళ్లే మొహమాటానికి.

అందరూ ఇష్టపడే మేపుల్ పాస్ దారినే తీసుకోండి. చుట్టి వస్తే సుమారు 11.5 కిలోమీటర్లు, ఎక్కుడు 600 మీటర్ల పైచిలుకు. గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకూ అదనంగా మరో గంట అని స్కాట్లండ్ పర్వతారోహకుడు నేస్మిత్ 1892లో ఒక లెక్క చెప్పాడు. ఆ ప్రకారం మూడు గంటల ఇరవై నిమిషాలు చాలు. అయితే అది ఆగకుండా నడిచే గట్టివాళ్ల లెక్క. పదిమంది సహోద్యోగులు, ఫొటోలు, భోజనం కలిస్తే ఐదారు గంటలు అవుతుంది. సియాటెల్ నుంచి కారులోనే మూడు గంటలు. తీరిగ్గా తొమ్మిదికి బయల్దేరి దారిలో కాఫీకి ఆగితే, నడక మొదలయ్యేసరికి పన్నెండున్నర. అక్టోబరు మొదటి వారంలో ఆరున్నర ప్రాంతంలో సూర్యాస్తమయం. పాస్, అంటే కనుమ, దాదాపు 2,000 మీటర్ల ఎత్తు. ప్రతి వెయ్యి మీటర్లకూ ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది కనుక, ఊళ్లో 15 డిగ్రీలుంటే అక్కడ రెండు మూడే. చెమటకు తడిసిన కాటన్ టీషర్టు ఆ చలిలో ఒంటి వేడిని లాగేస్తుంది. ఫోన్‌కు సిగ్నల్ దొరకదు.

ఇవన్నీ తెలిసినవాళ్లు కూడా వెనక్కి తిరగరు. ఎందుకో ఇయాన్ మెకామన్ పరిశోధన కొంత చెబుతుంది. అమెరికాలో 1972–2003 మధ్య సరదాకు మంచు కొండలెక్కి, జారిపడే మంచు చరియల్లో చిక్కుకున్న 715 ఘటనలను ఆయన పరిశీలించాడు. ప్రమాద సూచనలు కళ్లెదుటే ఉన్నా జనం ముందుకెళ్లడం వెనుక ఆయన గుర్తించిన ఉచ్చుల్లో కొన్ని: మళ్లీ దొరకదన్న ఆత్రం, మొదలుపెట్టాం కదా అన్న పట్టుదల, ముందు నడిచేవాడికి అన్నీ తెలుసన్న నమ్మకం. అది మంచు చరియల సంగతి, ఇది పిల్లలు కూడా నడిచే బాట కదా అనవచ్చు. నిజమే, ముప్పు అంత తీవ్రం కాదు. కానీ మూడు వారాల బంగారం, మూడు గంటల డ్రైవింగ్, ముందు నడిచే మేనేజరు, ఈ మూడూ ఇక్కడా సిద్ధంగానే ఉన్నాయి. పైగా హెచ్1బీ వీసా మీదున్న ఉద్యోగికి ఉద్యోగం పోతే ఆ దేశంలో ఉండనిచ్చేది గరిష్ఠంగా 60 రోజులు. ఏడాది చివరి రేటింగు చేతిలో ఉన్న మనిషితో ‘సర్, మోకాలు లాగుతోంది’ అనడం అంత తేలికా?

అందుకే వెనుదిరిగే వేళ పార్కింగ్‌లోనే ఖాయం చేయాలి: రెండున్నరకల్లా పాస్ చేరకపోతే అందరూ వెనక్కి. అప్పుడు మాట్లాడేది గడియారం, ఏ జూనియరూ నోరు విప్పక్కర్లేదు. అందరికంటే మెల్లగా నడిచేవాళ్లను ముందుంచాలి. ఇలా అయితే గట్టిగా నడిచేవాళ్లకు విసుగు కదా అంటారు. విసుగే, కాదనను. ఆ విసుగు తీరాలంటే ఇంకో శనివారం వాళ్లు వాళ్లే వెళ్లవచ్చు. ఆఫీసు పేరుతో పిలిచినప్పుడు మాత్రం వచ్చినవాళ్లందరి కాళ్లూ లెక్కలోకి రావాలి. ఎక్కలేమని ముందే తెలిసినవాళ్లకు అదే పార్కింగ్ నుంచి రెయినీ లేక్‌కు చదునైన తారు బాట ఉంది, రానూపోనూ మూడు కిలోమీటర్ల పైచిలుకు. దాన్ని కూడా పిలుపులోనే రాస్తే ఎవరూ సాకు వెతుక్కోనక్కర్లేదు.