పాలు దొరికే బుటిక్!



"నానమ్మా, అంగడి కాదు, షాప్ అనాలి!" ఇలా పెద్దవాళ్లను దిద్దే పిల్లలు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. షాప్ అంటే గొప్ప, అంగడి అంటే మోటు అని వాళ్లకు ఎవరూ పాఠం చెప్పలేదు. మనల్ని చూసే నేర్చుకున్నారు. అలాంటి పిల్లలకు ఈ నెల డెన్మార్క్, నార్వే దేశాల మాట ఒకటి పరిచయం చేద్దాం.

మన దగ్గర 'బొటిక్' అనగానే మగ్గం వర్క్ బ్లౌజులు, డిజైనర్ లెహంగాలు, కాస్త బరువైన బిల్లు గుర్తొస్తాయి. డేనిష్, నార్వేజియన్ భాషల్లో మాత్రం 'బుటిక్' అంటే మామూలు దుకాణం. పాలు, బ్రెడ్డు కొనేది అందులోనే. స్పెల్లింగ్‌లోనే చిన్న తేడా: డేనిష్‌లో చివర ఒక 'కె', నార్వేజియన్‌లో రెండు.

ఈ మాట చాలా దూరం ప్రయాణించింది. గ్రీకులో 'అపొథేకే' అంటే సరుకు దాచే గది. అది లాటిన్ మీదుగా ఫ్రెంచికి చేరి 'బుటీక్' అయింది. అక్కడ అర్థం చిన్న దుకాణం. డేనిష్, నార్వేజియన్ భాషలు ఆ అర్థాన్నే నిలుపుకున్నాయి. ఇంగ్లిష్‌లో అది ఫ్యాషన్ దుస్తుల దుకాణం పేరుగా స్థిరపడింది. మనకు ఇంగ్లిష్ నుంచి వచ్చింది కాబట్టి ఆ హంగూ వెంట వచ్చింది. అదే గ్రీకు మాట నుంచి పుట్టిన 'అపొతేక్' అంటే ఆ రెండు దేశాల్లో మందుల షాపు!

అంటే ఒకే మాట ఒకచోట రోజువారీది, మరోచోట ఖరీదైనది. గొప్పతనం మాటలో లేదు, మనం చూసే చూపులో ఉంది.

మన మాటలూ అంతే. 'దుకాణం' అరబ్బీ నుంచి పారశీకం మీదుగా వచ్చింది. 'షాపు' ఇంగ్లిష్‌ది. నానమ్మ అనే 'అంగడి' మన ద్రావిడ భాషల సొంత మాట. కన్నడంలోనూ అంగడే.

ఈ నెల ఇంట్లో ఇలా చేయండి: దుకాణానికి మీ ఇంట్లో ఎవరెవరు ఏ మాట వాడతారో పిల్లల చేత రాయించండి. మొదటి ప్రశ్న నానమ్మనో అమ్మమ్మనో అడగమనండి. ఈసారి దిద్దడానికి కాదు, నేర్చుకోవడానికి.