సముద్ర మత్స్య వనరుల సుస్థిర యాజమాన్యం: నిపుణుల శిక్షణలో దృష్టి పెట్టవలసిన అంశాలు

మన రాష్ట్రంలో మత్స్యశాస్త్రం అనగానే మనసులో మెదిలేది చెరువు. కొల్లేరు పరిసరాల్లోని బొచ్చె, శీలావతి చెరువులు, తీరం వెంబడి వనామీ రొయ్యల గుంటలు, వాటి మేత, నీటి పరీక్షలు, తెగుళ్ల నివారణ. ఇవే మన తరగతి పాఠాలు, ఇవే మన విస్తరణ కార్యక్రమాలు. ఆంధ్రప్రదేశ్ చేపల ఉత్పత్తిలో అధిక భాగం అక్కడి నుండే వస్తున్నది కనుక ఇది సహజమే. అయితే పాఠ్యపుస్తకాలు 974 కి.మీ.గా చెప్పే తీరరేఖపై ఆధారపడి బ్రతికే మత్స్యకార కుటుంబాలకు చెరువు పాఠం అక్కరకు రాదు. చెరువులో పిల్లలను వదిలిన రైతుకు ఎన్ని వదిలాడో తెలుసు, ఎన్ని కిలోలు పట్టాలో అంచనా ఉంటుంది. సముద్రంలో విత్తినవాడు ఎవడూ లేడు. కోతకు మాత్రం వేలమంది ఉన్నారు. నిల్వ ఎంత ఉన్నదో కంటికి కనిపించదు. కనిపించని నిల్వను, ఎవరి సొంతమూ కాని వనరును, పోటీపడే వేటగాళ్ల మధ్య ఏళ్ల తరబడి నిలబెట్టడం ఒక ప్రత్యేక వృత్తి విద్య. ఆ విద్యలో ఏమేమి ఉండాలన్నదే ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాము.

సంస్థలకు కొరత లేదు. 1963లో కొచ్చిలో ఏర్పడిన కేంద్ర మత్స్య నౌకాయాన, ఇంజనీరింగ్ శిక్షణ సంస్థ (సిఫ్‌నెట్) విశాఖపట్నం, చెన్నై శాఖలతో నౌకా సారథులను, ఇంజనీర్లను తయారుచేస్తున్నది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, భారత మత్స్య సర్వేక్షణ సంస్థ మూడింటికీ విశాఖపట్నంలో కేంద్రాలున్నాయి. కాకినాడలో కేంద్ర మత్స్య విద్యా సంస్థ ప్రాంతీయ కేంద్రం, రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉన్నాయి. ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సముద్ర సమాచారంపై స్వదేశీ, విదేశీ శాస్త్రజ్ఞులకు శిక్షణ ఇస్తున్నది. చిక్కంతా వీటి మధ్యనున్న ఖాళీలోనే ఉన్నది. ఒకచోట పడవ, ఒకచోట వల, ఒకచోట చేప, ఇంకొకచోట సముద్రజలం నేర్పుతారు. రేవులో నిలబడిన మత్స్య అభివృద్ధి అధికారికి మాత్రం ఈ నాలుగూ ఒకే ఉదయం, ఒకే పడవ దగ్గర ఎదురవుతాయి. వీటికి తోడు పడవ యజమాని, కళాసీలు, వేలంపాటదారు, గంపలతో ఎదురుచూసే స్త్రీలు కూడా అక్కడే ఉంటారు.

లెక్కలో భాగహారం

నిల్వల అంచనాకు పునాదిగా విద్యార్థులకు చెప్పే భావన గరిష్ఠ సుస్థిర దిగుబడి. మిల్నర్ షేఫర్ 1954లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం వేట లేని స్థితిలోని నిల్వ సుమారు సగానికి తగ్గినప్పుడు దాని ఏటేటి పెరుగుదల అత్యధికంగా ఉంటుంది. ఆ పెరుగుదల మేరకే పట్టుకుంటే నిల్వ నిలకడగా ఉంటుంది. సూత్రం సులువు. రేవులో దానిని వాడటమే కష్టం.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. పదేళ్ల క్రితం ఒక రేవులో 100 మరబోట్లు ఏడాదికి ఒక్కొక్కటి 1,000 గంటలు వల లాగి మొత్తం 5,000 టన్నులు తెచ్చాయి. నేడు 150 బోట్లు 2,000 గంటల చొప్పున లాగి 6,000 టన్నులు తెస్తున్నాయి. నివేదికలో ఉత్పత్తి 20 శాతం పెరిగిందని వ్రాస్తాము. భాగించి చూస్తే గంటకు 50 కిలోలు దక్కినచోట ఇప్పుడు 20 కిలోలే దక్కుతున్నవి. మొదటి లెక్క అభినందన తెస్తుంది, రెండవది హెచ్చరిక చేస్తుంది. శిక్షణ పొందినవారికీ పొందనివారికీ ఉండే తేడా చాలావరకు ఈ ఒక్క భాగహారంలోనే తెలిసిపోతుంది. హారంలో వేయవలసిన గంటలను అసలు నమోదే చేయకపోతే భాగహారం కూడా సాధ్యపడదు. ఒకరోజు వేటకు పోయి వచ్చే బోట్లు పది, పదిహేను రోజుల వేటకు మారిన తరువాత ‘ఎన్ని బోట్లు వచ్చాయి’ అన్న అంకెకు పాత అర్థం మిగలలేదు.

అయితే ఈ సూచిక కూడా మోసగించగలదు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేప నిల్వలు తరిగిపోతున్నా, 1980ల్లో పెద్ద ట్రాలర్లకు గంటకు దక్కే పట్టుబడి అంతగా తగ్గలేదు. మిగిలిన చేప గుంపులుగా చేరింది, మెరుగైన పరికరాలతో బోట్లు ఆ గుంపులను వెదికి పట్టుకున్నాయి. దానితో నిల్వ ఉన్నదానికంటే ఎక్కువగా అంచనా వేశారు. 1992లో వేట పూర్తిగా ఆపివేయవలసి వచ్చినప్పుడు ముప్పై వేల మందికి పైగా ఉపాధి కోల్పోయారు. ఈ ఉదంతం మనకు దూరమైనది కాదు. సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత, పత్రహరిత సాంద్రతల ఆధారంగా ఇన్‌కాయిస్ ఇచ్చే చేపల లభ్యతా ప్రాంతాల సమాచారం మత్స్యకారునికి డీజిల్‌ను, వెదుకులాటను తగ్గిస్తుంది. అది మేలైన సేవే. కానీ ఆ సమాచారంతో వెళ్లిన పడవకు గంటకు దక్కిన కిలోలను వెనుకటి సంవత్సరాల అంకెలతో నేరుగా పోల్చరాదు. సలహా అందించే పద్ధతితోపాటు ఈ జాగ్రత్తను కూడా నేర్పాలి.

మన సముద్రంలో మరొక చిక్కు ఉంది. ఒక్క ట్రాలు వలలోనే పదుల జాతులు పడతాయి. రొయ్యకు తగిన వేట పరిమితి చందువకు తగకపోవచ్చు. కనుక జాతివారీ నమూనాలతో పాటు పట్టుబడిలో ఈడుకు రాని చేప ఎంత శాతమో గమనించడం అవసరం. కనీస పరిమాణాన్ని చట్టబద్ధం చేయడంలో కేరళ ముందడుగు వేసింది; 2015లో 14 జాతులతో మొదలుపెట్టి తరువాత వాటిని 58కి పెంచింది. కొలబద్దతో చేప పొడవును కొలవటం, పొట్ట కోసి అండాశయ దశను గుర్తించటం ప్రయోగశాలలో నేర్పుతూనే ఉన్నాము. చౌక చేపగా కుప్పపోసి చేపల పొడి తయారీకి పంపే సరుకులో వంజరం, చందువ పిల్లలను విడదీసి గుర్తించడం మాత్రం రేవులో తప్ప మరెక్కడా రాదు.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద తీర గ్రామాల్లో నియమితులైన సాగర మిత్రలు రోజువారీ పట్టుబడిని, ధరలను నమోదు చేస్తున్నారు. ఈ వ్యవస్థ విలువ వారు వ్రాసే గడుల మీద ఆధారపడి ఉంది. కిలోల పక్కన వేట గంటలు, వల రకం, పిల్ల చేపల వాటా కూడా చేరితే దేశంలో ఇంతకుముందు లేని సమాచార సంపద మన చేతికి వస్తుంది. కిలోలే వ్రాస్తే మిగిలేది మరొక రిజిస్టరు.

తాబేలు ద్వారం నేర్పిన పాఠం

సాంకేతికత సిద్ధంగా ఉన్నా విస్తరణ ఎక్కడ తడబడుతుందో తెలుసుకోవడానికి ట్రాలు వలల్లో అమర్చే తాబేలు వెలుపలి ద్వారం, అంటే టెడ్, చక్కని ఉదాహరణ. దీనిపై కొంత వివరంగా చెప్పడం అవసరం.

ఆలివ్ రిడ్లీ తాబేళ్లు శీతాకాలం చివర గ్రుడ్లు పెట్టడానికి మన తీరానికి వస్తాయి. తాబేలు ఊపిరితిత్తులతో శ్వాసిస్తుంది. గంటల తరబడి లాగే ట్రాలు వలలో చిక్కితే పైకి రాలేక మరణిస్తుంది. వల సంచికి ముందు ఇనుప కడ్డీల చట్రాన్ని ఏటవాలుగా బిగించి, దాని పక్కన వలకు రంధ్రం పెడితే రొయ్య కడ్డీల సందుల్లోంచి సంచిలోకి పోతుంది, తాబేలు చట్రానికి తగిలి రంధ్రం గుండా బయటపడుతుంది. 1989 నాటి చట్టం ఆధారంగా, ఈ సాధనం వాడని దేశాల నుండి సముద్రపు రొయ్యల దిగుమతిని అమెరికా అడ్డుకుంది. భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయిలాండ్ చేసిన ఫిర్యాదుపై ప్రపంచ వాణిజ్య సంస్థ 1998లో తీర్పు ఇచ్చింది. ఆ వివాదం ముగిసినా సమస్య తీరలేదు. 2019లో భారత సముద్రపు రొయ్యలకు మళ్లీ అమెరికా ద్వారం మూసుకుంది. సాగు రొయ్యలకు ఇది వర్తించలేదు గాని వేటపై బ్రతికేవారికి నష్టం కలిగింది. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకు తగిన నమూనాలను ఎప్పుడో రూపొందించింది, పంపిణీ కూడా జరిగింది. అయినా వాడకం నిలవలేదు.

కారణం అడిగితే మత్స్యకారుడు చెప్పేది ఒక్కటే: సరుకు పోతున్నది. దీనిని అపోహగా కొట్టివేసే అలవాటు మనలో ఉంది. అది అపోహ కానవసరం లేదు. చట్రం కోణం మరీ తగ్గితే ద్వారం మీది కప్పు సరిగా మూసుకోక రొయ్య, చేప నిజంగానే జారిపోతాయి. కోణం మరీ పెరిగితే చెత్త కడ్డీలకు పట్టుకుంటుంది, తాబేలు కూడా బయటపడదు. అమెరికా నిబంధనలు 30 నుండి 55 డిగ్రీల మధ్య కోణాన్ని అనుమతిస్తాయి. వాడకంలో వల సాగుతుంది, సాగినప్పుడు కోణం మారుతుంది. మొదటి వేటలో సరిగా పనిచేసిన చట్రం కొన్ని వారాల తరువాత నష్టం తేవచ్చు. అప్పుడు మత్స్యకారుడు దానిని విప్పి డెక్కుమీద పడేయడంలో ఆశ్చర్యమేమీ లేదు. వలను ఎత్తి వేలాడదీసి కోణం కొలిచి, తాళ్లు సవరించి బిగించగల మనిషి రేవులో ఒక్కడుంటే సగం ఫిర్యాదులు అక్కడే తీరేవి. మనం పరికరాన్ని పంచాము, కొలిచే చేతిని తయారుచేయలేదు. తాబేలు ప్రాముఖ్యంపై సదస్సులు ఎన్నో జరిగాయి. రెంటినీ ఒకే శిక్షణగా చూడటం పొరపాటు.

చట్టం, కట్టుబాటు

ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య వేట నియంత్రణ చట్టం 1994లో వచ్చింది. దాని నిబంధనలు తీరం నుండి 8 కి.మీ. వరకు సంప్రదాయ వేటకు కేటాయించాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట విరామం అమలులో ఉంది. అంతకుముందు 47 రోజులున్న విరామం 2015 నుండి 61 రోజులైంది. విద్యార్థులు ఈ అంకెలను పరీక్షకు కంఠస్థం చేస్తారు. ఆ గీతను నీటిమీద ఎవరు చూస్తారు, ఎవరు ఆపుతారు అన్నది వేరే ప్రశ్న. 2022 జనవరిలో విశాఖ తీరంలో రింగు వలల విషయమై మత్స్యకార గ్రామాల మధ్య తలెత్తిన ఘర్షణ పడవలు తగులబెట్టేదాకా పోయింది. ఇరుపక్షాలకూ తమ జీవనోపాధి వాదన ఉంది. అటువంటి చోట అధికారికి చట్టం సెక్షన్లు తెలిసి ఉండటం చాలదు. అలివి వల లాగడానికి వంతులు ఎలా నిర్ణయమవుతాయో, ఊరి పెద్దల మాట ఎంతవరకు చెల్లుతుందో, యజమానికి వ్యాపారి ఇచ్చిన అప్పు వేటను ఎలా శాసిస్తుందో తెలియాలి. అప్పు తీర్చవలసిన యజమానికి వల కన్ను పెద్దది చేసుకోమని చెప్పడం సులభం కాదు. సంప్రదింపులు జరపడం నేర్పదగిన నైపుణ్యమే అయినా మన పాఠ్యప్రణాళికల్లో దానికి ప్రత్యేక గంటలు అరుదు.

విదేశీ నమూనాల్లో ఐస్‌లాండ్ అనుభవం పరిశీలించదగినది. ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం తరఫున 1998లో రెయిక్యావిక్‌లో మొదలై, 2020 నుండి యునెస్కో ఆధ్వర్యంలో నడుస్తున్న ఆరు నెలల మత్స్య శిక్షణలో వర్ధమాన దేశాల ఉద్యోగులు పాల్గొంటారు. మొదట అందరికీ ఉమ్మడి పాఠాలు, తరువాత నిల్వల అంచనా, విధాన రూపకల్పన, నాణ్యత వంటి వాటిలో ఒక ప్రత్యేక విభాగం, చివర తమ దేశపు సమస్యపై సొంత ప్రాజెక్టు ఉంటాయి. మనం తీసుకోవలసింది ఈ చివరి అంశం. వారి కోటా పద్ధతిని యథాతథంగా తేవాలనే ఉత్సాహం తగదు. కొద్ది జాతులు, తూకం తప్పించుకోలేని రేవులు ఉన్నచోట అది నడుస్తుంది. ఇసుక తీరం పొడుగునా తెప్పలు, ఫైబరు పడవలు ఎక్కడపడితే అక్కడ దిగే మన తీరంలో ఎవరి వాటా ఎవరు తూచాలి?

మత్స్య కళాశాలల్లో చివరి సంవత్సరపు క్షేత్రానుభవంలో ఒక భాగాన్ని ఒకే రేవుకు కేటాయించడం ఆచరణ సాధ్యమే. విద్యార్థి వేట విరామానికి ముందు కొన్ని వారాలు, విరామం తొలగిన వెంటనే మరికొన్ని వారాలు అక్కడే ఉండాలి. విరామానంతరం మొదటి వేటలో వచ్చే చేప పొడవులను ముందటి పొడవులతో పోల్చి, ఆ పట్టికను ఆ ఊరి మత్స్యకారుల ముందే చదివి వినిపించాలి. వారు వేసే ప్రశ్నలను కూడా నివేదికలో చేర్చాలి. సర్వీసులో ఉన్న అధికారులకు ఇచ్చే స్వల్పకాలిక శిక్షణల మూల్యాంకనం చివరి రోజు ప్రశ్నపత్రంతో ముగియకూడదు. ఒక వేట కాలం గడిచాక వారి రేవుకు వెళ్లి రిజిస్టరులో వేట గంటల గడి నిండిందో లేదో, టెడ్ బోటు వలలో ఉందో గోదాములో ఉందో చూసి రావాలి. ఆ ప్రయాణ ఖర్చును శిక్షణ అంచనాలోనే మొదటి నుండి చేర్చుకోవడం మంచిది.